అజంతా చిత్రముల సంరక్షకుడు – గులాం యజ్దానీ

హైదరాబాదు పాతనగరమున ఉప్పుగూడ పరిసరములలో పైగా ప్రభువుల సమాధిమందిరములు కలవు. సున్నపు గచ్చుతో తీర్చిన లతలును, పూవులును, సన్నని జాలీలును అచట చూపరులను ముగ్ధులను చేయును. ఇట్టి పనితనము కంటికెంత ఇంపైనదో అంత సుకుమారమైనది. గోడలోనికి వానచెమ్మ దిగినచో గచ్చు ఉబ్బి పెచ్చులుగా రాలిపోవును. పూర్వులు తీర్చిన అలంకారములను చెడకుండ కాపాడుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానమును వెదకుటలో జీవితమును ధారపోసిన మహనీయుడు గులాం యజ్దానీ.

యజ్దానీ 1885లో ఢిల్లీనగరమున జన్మించెను. అరబ్బీ, పారసీక భాషలలో గొప్ప పాండిత్యమును గడించి, ప్రాచీన శాసనములను చదువుటలో ఆరితేరెను. 1914లో నిజాం ప్రభుత్వము పురావస్తుశాఖను నెలకొల్పి దాని భారమును ఆయనకు అప్పగించెను. 1943 వరకు ఆయన ఆ శాఖకు అధిపతిగా నుండెను. ఓరుగల్లు సీమలోని పాలంపేట రామప్ప దేవాలయమును గూర్చి 1922లో ఒక గ్రంథమును ప్రకటించెను.

ఆయనపై బడిన బాధ్యతలలో అజంతా మిక్కిలి బరువైనది. నేడు మహారాష్ట్రలోనున్న ఆ గుహలు నాడు నిజాం రాజ్యములోనివి. బౌద్ధులు కొండను తొలిచి నిర్మించిన ఆ గుహలలో కొన్ని చైత్యములు, అనగా ప్రార్థనామందిరములు; తక్కినవి భిక్షువులు నివసించిన విహారములు. చిత్రకారులు రాతిగోడకు ఊక, పీచు కలిపిన మట్టిని మెత్తి, దానిపై పలుచగా సున్నము పూసి, బుద్ధుని చరిత్రను, జాతకకథలను రంగులతో చిత్రించిరి.

1819లో ఒక ఆంగ్లేయ సైనికాధికారి పదవ గుహను చూచిన పిదప అజంతా కీర్తి లోకమంతట వ్యాపించెను. కాని చిత్రముల స్థితి నానాటికి దిగజారుచుండెను. మట్టిపూత రాతిని వదలి వ్రేలాడుచుండెను. పొగమసియు, గబ్బిలముల మలినమును రంగులను కప్పివేసెను. చూడవచ్చినవారు గోడలపై తమ పేర్లను గీకిరి. చిత్రములకు నకళ్ళు వ్రాయించి ఇంగ్లండునకు పంపగా, వానిలో పెక్కు 1866లోను, 1885లోను జరిగిన అగ్నిప్రమాదములలో కాలిపోయెను. గోడమీది చిత్రము రాలినచో దానికి మారు లేదు.

చెరిగినచోట క్రొత్తరంగు పూయించుట సులభమే. కాని అట్లు చేసినచో మిగులునది పూర్వుని చిత్రము కాదు. ఉన్నదానిని ఉన్నట్లు నిలుపుటయే నిజమైన సంరక్షణ. ఈ పనికై 1920–22 సంవత్సరముల నడుమ ఇటలీనుండి లొరెంజో చెక్కోనీ, ఒర్సీనీ అను నిపుణులు రప్పింపబడిరి. వారు వదులైన పూతను రాతికి అతికించిరి, పగిలిన అంచులను మూసిరి, ధూళిని తుడిచిరి. తుదకు లక్కను కరిగించి చిత్రములపై పూసిరి.

రాలిపోవ సిద్ధముగానున్న చిత్రములు నిలిచెను. అయితే కాలక్రమమున ఆ లక్కపూత పసుపువన్నెకు తిరిగి, ధూళిని పట్టి, బొమ్మలను మసకపరచెను. తరువాతి రసాయన నిపుణులు దానిని ఎంతో ఓర్పుతో తొలగింపవలసి వచ్చెను. 1999 తరువాత భారత పురావస్తుశాఖ జరిపిన శుద్ధివలన తొమ్మిది, పది గుహలలో మరుగుపడిన రూపములు మరల కానవచ్చెను. మంచి తలంపుతో చేసిన చికిత్సలోను లోపముండవచ్చును. కాని పూత ఊడకుండ నిలిచినందుననే తరువాతివారికి దానిని శుద్ధిచేయు అవకాశము కలిగెను.

గోడలను కాపాడుటతో యజ్దానీ తృప్తిపడలేదు. వర్ణచ్ఛాయాపటములతో అజంతాపై నాలుగు సంపుటములను 1930 మొదలు 1955 వరకు వెలువరించెను. పదవీవిరమణానంతరము పండ్రెండేండ్లకు గాని ఆ పని ముగియలేదు. 1947లో బీదరు కట్టడముల చరిత్రను ప్రకటించెను. భారత ప్రభుత్వము 1959లో ఆయనను పద్మభూషణ బిరుదముతో గౌరవించెను. 1962లో ఆయన పరమపదించెను.

యజ్దానీ అజంతా గోడలపై ఒక్క గీతయైనను గీయలేదు. అచటి గీతలు చెరిగిపోకుండ పాటుపడెను. ఉప్పుగూడ చెంతనున్న గచ్చుపూవులైనను, పాలంపేట శిల్పములైనను మనకు పూర్వులు అప్పగించిన సొత్తు. వానిపై పేరు గీకక, చేయి వేయక, రాబోవువారికి అందించుటయే ఆ మహనీయునికి మనము చేయదగిన సత్కారము.