సైమన్ కమిషన్‌పై నిరసన: లాఠీ దెబ్బలకు గురైన పంజాబ్ కేసరి

రాజ్యాంగ సంస్కరణలలో భారతీయులకు భాగస్వామ్యం కోరుతూ 1928 అక్టోబరు 30న లాహోర్‌లో శాంతియుతంగా సాగిన ఊరేగింపుపై పోలీసులు లాఠీచార్జి జరిపారు. ఊరేగింపునకు నాయకత్వం వహించిన లాలా లజపతిరాయ్ గాయపడ్డారు. 18 రోజుల అనంతరం, నవంబరు 17న ఆయన తన 63వ ఏట కన్నుమూశారు.

లజపతిరాయ్ 1865 జనవరి 28న పంజాబ్‌లోని ధుడికే గ్రామంలో జన్మించారు. తండ్రి ఉపాధ్యాయుడు. లాహోర్‌లో న్యాయశాస్త్రం అభ్యసించి, హిస్సార్‌లో న్యాయవాదిగా పనిచేసి, 1892లో లాహోర్‌కు నివాసం మార్చారు. ఆర్యసమాజ్ కార్యక్రమాలలోను, డి.ఏ.వి. విద్యాసంస్థల అభివృద్ధిలోను ముఖ్యపాత్ర వహించారు.

భారతీయుల పెట్టుబడి భారతీయుల యాజమాన్యంలోనే ఉండాలన్న ఆశయంతో 1894లో లాహోర్‌లో ఏర్పడిన పంజాబ్ నేషనల్ బ్యాంకు వ్యవస్థాపకులలో ఆయన ఒకరు. ఆ బ్యాంకును 1969లో జాతీయం చేశారు. 1920లో బొంబాయిలో ఆవిర్భవించిన అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు తొలి అధ్యక్షుడు కూడా ఆయనే.

1907లో పంజాబ్ రైతుల ఆందోళన సందర్భంగా ప్రభుత్వం ఆయనను విచారణ లేకుండానే బర్మాలోని మాండలేకు ప్రవాసం పంపి, ఆ ఏడాది నవంబరులో విడుదల చేసింది. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆయన అమెరికాలో ఉండి స్వపరిపాలన కోసం ప్రచారం సాగించారు. 1920లో స్వదేశానికి తిరిగివచ్చి, అదే ఏడాది కలకత్తాలో జరిగిన కాంగ్రెస్ ప్రత్యేక మహాసభకు అధ్యక్షత వహించారు.

1919 నాటి చట్టం అమలును సమీక్షించేందుకు బ్రిటిష్ ప్రభుత్వం 1927 నవంబరులో సర్ జాన్ సైమన్ అధ్యక్షతన నియమించిన కమిషన్‌లో ఏడుగురు సభ్యులూ బ్రిటిష్ వారే. ఒక్క భారతీయుడికైనా చోటు లేకపోవడంతో దేశమంతటా నిరసన పెల్లుబికింది. 1928 ఫిబ్రవరి 3న మద్రాసులో పోలీసుల తుపాకులకు గుండె చూపిన టంగుటూరి ప్రకాశం పంతులు ఆంధ్రకేసరిగా ప్రసిద్ధి పొందారు. కమిషన్‌ను తిరస్కరిస్తూ లజపతిరాయ్ అదే నెలలో కేంద్ర శాసనసభలో ప్రవేశపెట్టిన తీర్మానం నెగ్గింది.

లాహోర్ రైల్వే స్టేషన్ వద్ద నిరసనకారులపై లాఠీచార్జికి పోలీసు సూపరింటెండెంట్ జేమ్స్ స్కాట్ ఆదేశించారు. దెబ్బలు తిన్నప్పటికీ లజపతిరాయ్ ఆ సాయంత్రం బహిరంగ సభలో ప్రసంగించారు. ఆ గాయాలే ఆయన మరణాన్ని త్వరితం చేశాయని ప్రజలు విశ్వసించగా, ప్రభుత్వం తన బాధ్యతను అంగీకరించలేదు.

దీనికి ప్రతీకారంగా భగత్‌సింగ్, ఆయన సహచరులు డిసెంబరు 17న స్కాట్‌గా పొరబడి మరో అధికారి సాండర్స్‌ను కాల్చిచంపారు. ఆ కేసులో భగత్‌సింగ్, రాజగురు, సుఖదేవ్‌లను 1931 మార్చి 23న ఉరితీశారు.

సైమన్ కమిషన్ నివేదిక 1930లో వెలువడింది. తమ రాజ్యాంగాన్ని తామే రచించుకొనే అవకాశం భారతీయులకు 1946లో రాజ్యాంగ సభ ఏర్పాటుతోగాని లభించలేదు. అప్పటికి లజపతిరాయ్ మరణించి 18 ఏళ్లయింది.