గోడ లేని యిల్లు

ధ్యానభాగము: లూకా 15:11–24

తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చినప్పుడు తండ్రి మొదట లెక్క అడుగలేదు, పరుగెత్తి యెదురుపోయెను. ఆ తండ్రివలె చెడ్డపేరుగల పిల్లలను చేర్చుకొనిన యొక సేవకుని జీవితమును ఈ నెల ధ్యానింతము.

యోహాన్ హిన్‌రిఖ్ వీఖెర్న్ 1808 ఏప్రిల్ 21వ తేదీన జర్మనీలోని హాంబర్గు పట్టణమున జన్మించెను. పదునైదేండ్ల ప్రాయమున తండ్రి చనిపోగా, ఇతరుల పిల్లలకు పాఠములు చెప్పి తల్లికిని తోబుట్టువులకును ఆధారమాయెను. వేదశాస్త్రము చదివిన పిమ్మట ఆదివారపు బడిలో పనిచేయుచు బీదల యిండ్లను దర్శించెను. దొంగతనమునకు అలవాటుపడి వీధులలో తిరుగు పిల్లలు అక్కడ అనేకులు కనబడిరి.

1833లో పట్టణ ప్రముఖుడైన కార్ల్ సీవెకింగ్ హార్న్ గ్రామమందలి యొక పాత పూరియిల్లు అతనికిచ్చెను. దాని పేరు రౌహెస్ హౌస్. వీఖెర్న్ తన తల్లితో అందులో ప్రవేశించి, కొద్ది వారములలోనే పండ్రెండుగురు బాలురను చేర్చుకొనెను. ఇంటి చుట్టునున్న మట్టికట్టను ఆ బాలురచేతనే తీసివేయించెను. అక్కడ గోడయు లేదు, తాళమును లేదు.

క్రొత్తగా వచ్చిన పిల్లవానికి, వాని పాత తప్పులన్నియు క్షమింపబడెనని మొదటనే తెలియజేయుదురు. వాటిని మరల ఎవరును ఎత్తిపొడువరాదు. సుమారు పండ్రెండుగురు ఒక కుటుంబము. వారితోకూడ అన్నవలె నివసించు యౌవనుడొకడు. చదువు, ప్రార్థన, వడ్రంగము, చెప్పులు కుట్టుట, తోటపని వారి దినచర్య. శిక్ష లేకపోలేదు. పారిపోయినవారును కలరు. అయినను తిరిగి వచ్చుటకు త్రోవ మూయబడలేదు.

1842 మే నెలలో హాంబర్గు పట్టణము నాలుగు దినములు తగులబడెను. బాలురు సహాయము చేయుటకు సెలవు వేడుకొనిరి. కొల్లగొట్టుటకు అనువైన సమయమది. వీఖెర్న్ భయపడియు, నమ్మి పంపెను. వారు పాటుపడి, తిరిగి ఇల్లు చేరిరి.

అతడు 1881 ఏప్రిల్ 7వ తేదీన ప్రభువునందు నిద్రించెను. ఆ సంస్థ నేటికిని హాంబర్గులో పనిచేయుచున్నది.

తల్లిదండ్రులారా, ఉపాధ్యాయులారా, అల్లరివాని పేరు హాజరుపట్టీలో కొట్టివేయుట ఒక నిమిషపు పని. నేనును ఒకప్పుడు ఒక బాలుని ఆదివారపు బడినుండి పంపివేసితిని. తరగతి నెమ్మదిగా నుండెను; ఆ బాలుడు మరల గుడి గడప త్రొక్కలేదు. వాని యింటికి నేనే ముందుగా పోవలసియుండెను. మీ యూరిలో అట్టివాడు ఎవడో మీకు తెలియును. ఈ వారమే వాని యింటికి వెళ్లుడి. పాత సంగతి ఎత్తకుడి.