కీర్తిశేషులు మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు

మన ములకనాటి శాఖకు వన్నె తెచ్చిన మహనీయులలో విశ్వేశ్వరయ్యగారు అగ్రగణ్యులు. వీరి పూర్వులు మోక్షగుండము గ్రామమునుండి మైసూరుసీమకు తరలిపోయిరి. వీరు 1861 సెప్టెంబరు 15వ తేదీన ముద్దెనహళ్ళిలో జన్మించిరి. బాల్యమందే తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు గతించిరి. పిల్లలకు చదువు చెప్పి పొట్ట పోసికొనుచు బెంగుళూరులో 1881లో బి. ఏ. పట్టమును, పూనాలో 1883లో ఇంజనీరు పరీక్షయందు ప్రథమస్థానమును గడించిరి.

వీరి ఆనకట్టలు లోకవిదితములు. పట్టణములలోని బీదలకు వీరివలన గలిగిన మేలు మాత్రము అంతగా తలపునకు రాదు. సుక్కూరు పట్టణవాసులకు సింధునదిలోని బురదనీరే ఆధారము. వడపోత తొట్లు కట్టించుటకు పురపాలక సంఘమునకు ధనము చాలదయ్యెను. అంత వీరు నదీగర్భముననే బావి త్రవ్వించి, ఇసుకపొరలగుండ తేటపడి యూరిన నీటిని యంత్రములచే ఎక్కించి, 1895 నాటికి పురమునకు అందించిరి. సంఘముయొక్క బీదతనము నెఱిగి వేసిన పథకమగుటచేతనే అది నెఱవేరెను.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. ఎగువనున్న 788 చెఱువులలో 221 తెగిపోయెను. సుమారు 15,000 మంది మృతులైరని చెప్పుదురు. ఏటియొడ్డున పల్లపునేలల నివసించు నిరుపేదల గతి చెప్పనలవికాదు. 1909లో నిజాము ప్రభుత్వమువారు పిలిపింపగా విశ్వేశ్వరయ్యగారు వాననీటి లెక్కలు కట్టి, ఎగువన మూసీపైని, ఈసీపైని జలాశయములు నిర్మించి వరదను నిలుపవలెననియు, నగరమునకు మురుగుకాలువలు ఏర్పఱుపవలెననియు సూచించిరి. ఇతర ఇంజనీర్ల కృషిచే ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను పూర్తియయ్యెను. ప్రాణములు తీసిన నీరే నగరమునకు త్రాగునీరాయెను.

పిమ్మట వీరు 1912 మొదలు 1918 వఱకు మైసూరు దివానుగిరి నిర్వహించి, 1955లో భారతరత్న బిరుదము నంది, 1962 ఏప్రిలు 14న నూఱవయేడు దాటి పరమపదించిరి.

వరదయు దాహమును రెండు వేఱు కష్టములు గావని వీరి జీవితము తెలుపుచున్నది. రెంటను ముందుగా బలియగువాడు పేదవాడే. కలిగినవాడు మెరకన మిద్దె కట్టుకొనును, పెరట బావి త్రవ్వించుకొనును. లేనివానికి ఊరుమ్మడి చెఱువు, వీధికొళాయి తప్ప వేఱు దిక్కులేదు. మన పోషకులు వేసవిలో చలిపందిళ్ళు పెట్టించుట పుణ్యమే. ఊరిచెఱువు పూడిపోకుండ, అన్యాక్రాంతము గాకుండ కాపాడుటయు, పేదలపేటకు మంచినీటి కొళాయి వేయించుటయు అంతకంటె మిన్న. విశ్వేశ్వరయ్యగారి పేరు చెప్పుకొను మనకు ఇది విధి.