మాలిక్ మక్బూల్

మాలిక్ మక్బూల్ (మరణం: హిజ్రీ 770, అనగా క్రీ.శ. 1368-69) కాకతీయ చక్రవర్తి ప్రతాపరుద్రుని సేనానులలో ఒకడు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ఢిల్లీకి చేరి, ఇస్లాం మతం స్వీకరించి, తుగ్లక్ వంశపు ఇద్దరు సుల్తానుల కొలువులో పనిచేశాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కాలంలో వజీరు పదవిని, ఖాన్-ఇ-జహాన్ అను బిరుదును పొంది, సుల్తాను తరువాత రాజ్యంలో అంతటివాడని పేరు పొందాడు. ఇతని తొలి పేరు గన్నయ. పార్సీ చరిత్రకారులు ఇతనిని తిలంగాణీ అని, అనగా తెలంగాణము వాడని వ్రాశారు.

పేరు - గుర్తింపు

ఇతని గురించి ముఖ్యమైన ఆధారం షమ్స్-ఇ-సిరాజ్ అఫీఫ్ రచించిన తారీఖ్-ఇ-ఫిరోజ్‌షాహీ అను పార్సీ గ్రంథం. అందులో మతం మారక పూర్వపు పేరు కన్ను అనియో, కట్టు అనియో చదువుటకు వీలుగా ఉన్నది. పార్సీ లిపిలో అక్షరం మీద ఒక చుక్క ఉంటే నకారం, రెండు ఉంటే తకారం. పైగా పాత వ్రాతప్రతులలో క, గ అక్షరాలకు భేదం సరిగా చూపేవారు కాదు. కనుక కన్ను అన్నది గన్ను, అనగా గన్న అను తెలుగు పేరే కావడానికి ఏ అభ్యంతరమూ లేదు.

తెలుగు వైపు నుండి దొరికే సాక్ష్యం మారన మహాకవి మార్కండేయ పురాణం. తిక్కన సోమయాజి శిష్యుడైన మారన ఈ కావ్యాన్ని ప్రతాపరుద్రుని సేనాని అయిన గన్నయకు అంకితమిచ్చాడు. గన్నయ తండ్రి నాగయ. అందుచేతనే ఇతనిని నాగయగన్న అని కూడా వ్యవహరిస్తారు. ఓరుగల్లు రాజధాని రక్షణభారం, అనగా కటకపాలకత్వం ఇతనిది. ఈ గన్నయ సేనాని, అఫీఫ్ చెప్పిన కన్ను ఒక్కరేనని చరిత్రకారులు పలువురు అంగీకరించారు. కాలం, స్థలం, పదవి, పేరు నాలుగూ కలుస్తున్నందున ఈ అభిప్రాయం బలమైనదే. మారన కావ్యంలోని ప్రవరుని కథ తరువాత అల్లసాని పెద్దన మనుచరిత్రకు మూలమైనదని విద్యార్థులకు తెలిసిన విషయమే. ఆ కావ్యపు కృతిభర్తయే ఢిల్లీ వజీరు అయ్యాడన్నది మాత్రం అంతగా ప్రచారంలోకి రాలేదు.

జనశ్రుతిలోని యుగంధర మంత్రితో కొందరు ఇతనిని కలిపి చెబుతుంటారు. యుగంధరుడు ఢిల్లీ సుల్తానును బంధించి తెచ్చిన కథ వేదం వేంకటరాయ శాస్త్రి ప్రతాపరుద్రీయ నాటకం వలన ఇంటింటికీ తెలిసినది. అయితే అది గాథ. గన్నయ చరిత్ర వేరు. ఒక విధంగా చూస్తే అది ఆ గాథకు తలక్రిందులు.

ఓరుగల్లు పతనం

కాకతీయుల సైన్యవ్యవస్థకు నాయంకర విధానం ఆధారం. నాయకులు తమకిచ్చిన గ్రామాల ఆదాయం అనుభవిస్తూ, నిర్ణీత సంఖ్యలో సైన్యాన్ని పోషించి చక్రవర్తికి అవసరమైనప్పుడు పంపాలి. ఓరుగల్లు కోటకు 77 బురుజులుండేవని, ఒక్కొక్క బురుజు ఒక్కొక్క నాయకుని కాపుదలలో ఉండేదని సంప్రదాయం చెబుతున్నది. నేడు నిలిచి ఉన్న రాతికోటలో కనబడేవి 45. దాని చుట్టూ అగడ్త, ఆ వెలుపల మట్టికోట. జంపఖానాల నేతకు ప్రసిద్ధమైన కొత్తవాడ వంటి నేటి వరంగల్లు పేటలు ఈ కోట వెలుపలే ఉన్నాయి. ఇన్ని వరుసల కోటలో కటకపాలకుడు అనగా చక్రవర్తి ప్రాణాలకు, రాజధానికి ఏకకాలంలో పూచీపడ్డ అధికారి.

ఘియాసుద్దీన్ తుగ్లక్ కుమారుడు ఉలుగ్ ఖాన్ మొదటిసారి ఓరుగల్లును ముట్టడించి విఫలుడైనాడు. సుల్తాను మరణించాడన్న వదంతి శిబిరంలో పుట్టి సేన చెదిరిపోవుటయే అందుకు ముఖ్య కారణం. 1323లో అతడు మరల వచ్చాడు. నెలల తరబడి ముట్టడి సాగిన తరువాత ప్రతాపరుద్రుడు లొంగిపోయాడు. ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయినది. బందీగా ఢిల్లీకి తరలిస్తుండగా ప్రతాపరుద్రుడు నర్మదా తీరంలో మరణించినట్లు ప్రోలయ నాయకుని విలస శాసనం తెలుపుతున్నది.

రాజు దారిలో మరణించిన తరువాత కన్ను సుల్తాను ముందు హాజరై కలిమా చదివాడనీ, అతనికి మక్బూల్ అను పేరు పెట్టారనీ అఫీఫ్ వ్రాశాడు. మక్బూల్ అనగా అంగీకరింపబడినవాడు. అఫీఫ్ ఈ సందర్భంలో సుల్తాను ముహమ్మద్ పేరు చెబుతాడు. ఓరుగల్లు జయించిన ఉలుగ్ ఖానే 1325లో ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా సింహాసనమెక్కినవాడు కనుక ఇందులో పెద్ద వైరుధ్యం లేదు. మతం మారడం ప్రాణభయం వలననా, పదవి కోసమా అన్న ప్రశ్నకు ఆనాటి గ్రంథాలలో సమాధానం దొరకదు. కోట పడిపోయి, ఏలిక మరణించిన సేనానికి ఎదుట ఉన్న దారులు తక్కువ అన్నంతవరకు చెప్పవచ్చు.

ముహమ్మద్ బిన్ తుగ్లక్ కొలువులో

పరాజితులలోని సమర్థులను చేరదీసి పెద్ద పదవులివ్వడం ముహమ్మద్ బిన్ తుగ్లక్ అలవాటు. పాత సర్దారులను అతడు నమ్మలేదు. ముల్తానులో కిష్లూ ఖాన్ తిరుగుబాటు అణగిన పిమ్మట ఆ సరిహద్దు రాష్ట్రాన్ని కివాముల్ ముల్క్ అను బిరుదుతో మక్బూలుకు అప్పగించాడు. మంగోలుల దాడులకు ముఖద్వారమైన ముల్తానును దక్షిణాది నుండి వచ్చిన ఒక కొత్త ముస్లిమునకు ఇవ్వడం సామాన్య విషయం కాదు. కుమారుడు జూనా షా జన్మించినది ఇక్కడనే. తరువాత మక్బూల్ నాయబ్ వజీరు, అనగా ఉపమంత్రి అయ్యాడు. అప్పటి వజీరు ఖ్వాజా జహాన్ అహ్మద్ అయాజ్.

ఇతని జీవితంలోకెల్లా చిక్కైన ఘట్టం ఇక్కడ వస్తుంది. మధురలోని మాబరు తిరుగుబాటును అణచడానికి బయలుదేరిన సుల్తాను 1334-35 ప్రాంతంలో ఓరుగల్లు చేరగా, సేనలో మహమ్మారి వ్యాపించి వెనుదిరగవలసి వచ్చింది. తిరుగు ప్రయాణంలో తెలంగాణ పాలనను నాయబ్ వజీరుకు అప్పగించాడు. ఒకనాడు కాకతీయుల పక్షాన కాచిన కోటను గన్నయ ఇప్పుడు ఢిల్లీ పక్షాన ఏలవలసి వచ్చినది. ఊరు అదే, బురుజులు అవే. నాయకులు మాత్రం ఎదుటి పక్షాన ఉన్నారు.

ఆ పాలన ఎక్కువ కాలం సాగలేదు. తీరాంధ్రలో ముసునూరి ప్రోలయ నాయకుడు ప్రారంభించిన స్వాతంత్ర్య పోరాటాన్ని అతని తరువాత కాపయ నాయకుడు ముందుకు నడిపాడు. 1336 ప్రాంతంలో కాపయ ఓరుగల్లును గెలుచుకొన్నాడు. మక్బూల్ ఢిల్లీకి పారిపోయి ప్రాణాలు దక్కించుకొన్నాడని బరనీ వ్రాశాడు. తెలుగువారి చరిత్రలో ఈ విజయానికి ఉన్న స్థానం గొప్పది. అందువలననే ఓడిన అధికారి కూడా తెలుగువాడేనన్న సంగతి మరుగున పడింది. కంపిలి పతనమప్పుడు పట్టుబడి, మతం మారి, తిరిగి దక్షిణానికి పంపబడి, పిమ్మట స్వధర్మానికి మరలారని ఒక సంప్రదాయం చెప్పే హరిహర బుక్కరాయల కథ ఇక్కడ గుర్తుకు రాక మానదు. ఆ సంప్రదాయాన్ని అంగీకరించని పండితులూ ఉన్నారు. గన్నయ మాత్రం తిరిగి రాలేదు.

ఓరుగల్లు చేజారినా సుల్తానుకు ఇతనిపై నమ్మకం సడలలేదు. గుజరాతులో తిరుగుబాట్లను అణచిన సమయంలో మక్బూల్ సుల్తాను వెంట ఉన్నాడు. ఆనాటి గ్రంథాలలో మక్బూల్, ముక్బిల్, కబూల్ అను దగ్గర పేర్లు గల సర్దారులు కనిపిస్తారు. ఎవరు ఎవరో విడదీయకుండా అన్ని పనులూ ఒక్కరికే అంటగట్టడం కొన్ని పుస్తకాలలో జరిగింది. చదువరులు జాగ్రత్త వహించవలసిన విషయమిది.

వజీరు పదవి

1351లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ సింధులోని థట్టా సమీపంలో దండయాత్రలో ఉండగా మరణించాడు. సైన్యంలోని ప్రముఖులు అతని పినతండ్రి కుమారుడు ఫిరోజ్‌ను సుల్తానుగా ఎన్నుకొన్నారు. ఢిల్లీలో ఉన్న వృద్ధ వజీరు ఖ్వాజా జహాన్, సుల్తాను కుమారుడంటూ ఒక బాలుని సింహాసనం మీద కూర్చుండబెట్టాడు. రాజధానిలో ఇతని తరువాతి అధికారి మక్బూలే. అతడు ఏ పక్షం వహిస్తే ఆ పక్షమే గెలిచే స్థితి. మక్బూల్ తన వారితో నగరం విడిచి ఎదురు వెళ్ళి ఫిరోజ్‌ను కలుసుకొన్నాడు. దానితో ఖ్వాజా జహాన్ పక్షం కూలింది. వృద్ధ వజీరు లొంగిపోయి క్షమాభిక్ష కోరినా, సామానాకు పంపుతుండగా దారిలో చంపబడ్డాడు. మక్బూల్ వజీరు అయ్యాడు.

ఢిల్లీ సల్తనతులో వజీరు ముఖ్యంగా ఆదాయ వ్యయాల అధిపతి. రాష్ట్రాల అధికారుల లెక్కలు తనిఖీ చేయడం, బకాయిలు వసూలు చేయడం, సైన్యానికి జీతాలు సర్దడం అతని పని. సుల్తాను దండయాత్రకు వెళ్ళినప్పుడు మాత్రం రాజధానిలోని సేన, కోట, న్యాయం సమస్తం అతని చేతిలోకి వస్తాయి. ఫిరోజ్ షా తొలి సంవత్సరాలలో ఎక్కువ కాలం ఢిల్లీ వెలుపలనే గడిపాడు: 1353-54లో బెంగాలు, 1359-61లో మరల బెంగాలు, జాజ్‌నగరం (ఒరిస్సా), ఆపైన నగర్‌కోట్, 1365-67లో థట్టా. ఇన్ని సంవత్సరాలు రాజధాని వజీరు చేతిలో ఉన్నా సింహాసనంపై కన్ను వేయకపోవడం ఆ కాలానికి అసాధారణం. ఢిల్లీకి అసలు రాజు ఖాన్-ఇ-జహానే అని ఫిరోజ్ షాయే అంటుండేవాడని అఫీఫ్ చెబుతాడు.

థట్టా దండయాత్రలో ఈ విశ్వాసానికి పెద్ద పరీక్ష ఎదురైంది. థట్టా నుండి గుజరాతుకు మరలుతూ సుల్తాను సైన్యం దారి తప్పి కచ్ రణ్‌లో చిక్కుకొన్నది. ఉప్పునేలలో త్రాగునీరు లేక మనుషులు, గుర్రాలు కుప్పలుగా చనిపోయారు. దాదాపు ఆరు మాసాలు ఢిల్లీకి ఏ వార్తా లేదు. సుల్తాను ఉన్నాడో లేడో తెలియని నగరంలో ఏ క్షణమైనా తిరుగుబాటు రాగలదు. ఖాన్-ఇ-జహాన్ సుల్తాను క్షేమంగా ఉన్నట్లు ఒక లేఖ సృష్టించి, దానిని నగరంలో ప్రకటించి, సంబరాలు జరిపించాడు. ఉలుగ్ ఖాన్ మొదటి ఓరుగల్లు ముట్టడి సుల్తాను మరణించాడన్న వదంతితోనే చెదిరినదని పైన చూశాము. వదంతికి ఎంత శక్తి ఉన్నదో అప్పుడు కోట లోపలి పక్షాన ఉన్న ఈ సేనానికి తెలియనిది కాదు. తరువాత గుజరాతుకు సామగ్రిని, థట్టాకు అదనపు సేనలను పంపాడు. ఆ సేనల రాక విని థట్టా పాలకులు సంధికి వచ్చారు.

వజీరుగా కఠినుడని, వసూళ్ళలో నిక్కచ్చి మనిషి అని పేరు. లెక్కల అధికారి ఐనుల్ ముల్క్ మాహ్రూతో వచ్చిన వివాదం ముదిరి కొలువులో బహిరంగమైంది. సుల్తాను ఐనుల్ ముల్కును తొలగించి, ముల్తాను రాష్ట్రానికి పంపాడు. అయితే ఆ రాష్ట్రపు లెక్కలు వజీరు కచేరీకి రానక్కరలేదని మినహాయింపు ఇచ్చి ఇద్దరినీ నిలుపుకొన్నాడు. ఆ తరువాత వజీరును దింపవలెనని కొందరు ప్రయత్నించగా అదే ఐనుల్ ముల్క్ వద్దని సలహా ఇచ్చాడని అఫీఫ్ వ్రాశాడు.

ఇతని వార్షిక వేతనం 13 లక్షల టంకాలు. పుట్టిన ప్రతి కుమారునికి సాలుకు 11,000 టంకాలు భరణం ఏర్పాటు చేశారు. అంతఃపురంలో రూము నుండి చీనా వరకు గల దేశాల స్త్రీలు రెండు వేలమంది ఉండేవారన్న మాటను సమకాలీనుల అతిశయోక్తిగా తీసుకొన్నా, భోగలాలసత కలవాడనడంలో సందేహం లేదు. ఇతనికి చదువను వ్రాయను రాదని అఫీఫ్ అంటాడు. పురాణాన్ని అంకితం పొందిన సేనాని నిరక్షరాస్యుడనుకోవడం కష్టం. పార్సీ వ్రాత రాదని అర్థం చేసుకోవడం సమంజసంగా తోస్తుంది.

మరణం, సమాధి

మక్బూల్ హిజ్రీ 770లో వృద్ధాప్యంలో మరణించాడు. కొందరు 1372 ప్రాంతమంటారు. కుమారుడు జూనా షా అదే ఖాన్-ఇ-జహాన్ బిరుదుతో వజీరు అయ్యాడు. ఢిల్లీలోని ఖిడ్కీ మసీదు, కలాన్ మసీదు (1387) ఇతని నిర్మాణాలు. మౌలానా దావూద్ 1379 నాటి చందాయన్ కావ్యంలో జూనా షాను స్తుతించాడు. కవులకు ఆశ్రయమిచ్చే అలవాటు ఓరుగల్లు నుండి రెండవ తరానికీ వచ్చినట్లున్నది. 1387లో యువరాజు ముహమ్మదుతో విరోధం వచ్చి, మేవాతుకు పారిపోయి, పట్టుబడి చంపబడ్డాడు.

మక్బూల్ సమాధి ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ దర్గాకు దగ్గరగా ఉన్నది. దీనిని తిలంగాణీ సమాధి అంటారు. ఢిల్లీలో అష్టకోణాకారంలో కట్టిన మొదటి సమాధిగా వాస్తుచరిత్రలో దీనికి ప్రత్యేక స్థానం ఉన్నది. అంతకు పూర్వపు తుగ్లక్ సమాధులు చతురస్రాలు. ఇందులో నడుమ ఎనిమిది మూలల గది, దానిపై గుమ్మటం, చుట్టూ వసారా, వసారాకు ప్రతి వైపున మూడేసి కమానులు, పైన వాలుచూరు కనిపిస్తాయి. తరువాత సయ్యదు, లోడీ సుల్తానుల సమాధులు ఈ పద్ధతినే అనుసరించాయి. చాలాకాలం ఇది బస్తీ ఇళ్ళ మధ్య కలిసిపోయి, జాగ్రత్తగా వెదకితే తప్ప కనబడని స్థితిలో ఉండేది.