చదువు నేర్పిన చంద్రకాంత

1994లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున 'చంద్రకాంత' మొదలైతే చాలు, ఇంటిల్లిపాదీ టీవీ ముందు చేరేవాళ్ళం. కనుబొమలు ఎగరేసే క్రూర్‌సింగ్ గుర్తున్నాడుగా! మరి ఆ కథ రాసినాయన ఎవరు?

దేవకీనందన్ ఖత్రీ. 1861లో బీహార్‌లోని పూసాలో పుట్టారు. కాశీలో ఉంటూ చకియా, నౌగఢ్ అడవుల కాంట్రాక్టు చేశారు. అక్కడి పాడుబడ్డ కోటలూ, గుహలూ తిరిగి చూశారు. కాంట్రాక్టు చేజారింది. ఇంకొకరైతే తలపట్టుక్కూర్చునేవారే! ఆయన ఆ శిథిలాల్నే కథగా అల్లారు. అలా 1888లో 'చంద్రకాంత' నవల వచ్చింది.

అప్పట్లో ఉత్తరాది కచేరీల్లో ఉర్దూదే పెత్తనం. చదువుకున్నవాళ్ళలోనూ చాలామందికి హిందీ అక్షరాలు రావు. ఈ నవల చదవడం కోసమే ఎంతోమంది అవి నేర్చుకున్నారు. తర్వాత 24 భాగాల 'చంద్రకాంత సంతతి' రాశారు. 1898లో కాశీలో లహరీ ప్రెస్సు పెట్టారు. 1913లో కన్నుమూశారు. సగంలో ఆగిన 'భూత్‌నాథ్'ని కొడుకు దుర్గాప్రసాద్ పూర్తిచేశారు.

నీరజా గులేరీ తీసిన సీరియల్లో మంత్రతంత్రాలు బాగా దట్టించారు. నవల్లో అవి లేవు. మారువేషాలు, మత్తుమందులు, మరలతో కదిలే రహస్య గదులు... అంతా మనిషి తెలివే. చంద్రకాంత చెలికత్తె చపల కూడా మగవాళ్ళకి దీటైన గూఢచారి.

టీవీ చూడ్డానికి అక్షరాలక్కర్లేదు. కానీ ఒకప్పుడు ఒక్క కథ కోసం పెద్దవాళ్ళే అక్షరాలు దిద్దారు. పిల్లలు పుస్తకం ముట్టడంలేదని దిగులుపడే మనం, ముందు వాళ్ళని కట్టిపడేసే కథ చేతిలో పెట్టామా?