పేటను చదివిన ప్రొఫెసర్

రాజధానిలోని ఏడు ప్రభుత్వోద్యోగుల కాలనీలను పడగొట్టి తిరిగి నిర్మించే పథకానికి కేంద్ర మంత్రివర్గం 2016 జూలైలో ఆమోదముద్ర వేసింది. ఉన్న 12,970 ఇళ్ల స్థానంలో 25,667 ఇళ్లు వస్తాయన్నారు. 2018 జూన్‌లో వేలాది చెట్లపై గొడ్డలి పడబోతున్నదని తెలియగానే చుట్టుపక్కల పేటల వారు వీధిలోకి వచ్చి చెట్లను కౌగిలించుకున్నారు. ఢిల్లీ హైకోర్టు నరకడాన్ని నిలిపివేయించింది. వారి సందేహం చెట్లతో ఆగలేదు. ఇళ్లు రెండింతలైతే నీళ్లు ఎక్కడివి, మురుగు ఎటు పోతుంది, ఈ రోడ్లు ఎన్ని వాహనాలను భరిస్తాయి, మంజూరుకు ముందు ఇవన్నీ ఎవరు చూశారు అన్నదే అసలు ప్రశ్న.

పార్లమెంటు పత్రికా గ్యాలరీలో కూర్చుని గృహ నిర్మాణంపై చర్చలు ఎన్నో విన్నాను. అక్కడ ఇళ్ల సంఖ్య వినబడుతుంది; పేట ఊసు అరుదు. అందువల్లనే ఇటువంటి వివాదం తలెత్తినప్పుడల్లా నాకు పాట్రిక్ గెడ్డిస్ గుర్తుకు వస్తాడు.

గెడ్డిస్ 1854 అక్టోబరు 2న స్కాట్లండులో జన్మించాడు. హక్స్‌లీ వద్ద జీవశాస్త్రం అభ్యసించాడు. 1879లో మెక్సికోలో ఉండగా కొంతకాలం చూపు కోల్పోయాడు. చూపు తిరిగి వచ్చినా సూక్ష్మదర్శినితో చేసే పరిశోధనకు కళ్లు మునుపటివలె సహకరించలేదు. ఆయన దృష్టి క్రమంగా మొక్కలనుంచి మనుషులు నివసించే తావులపైకి మళ్లింది. 1886లో ఆనా మోర్టన్‌ను వివాహమాడి, ఎడింబరో పాతపట్నంలోని ఒక మురికివాడలో కాపురం పెట్టాడు. ఇరుగుపొరుగులను కూడగట్టి, గోడలకు సున్నం కొట్టించి, ఖాళీ జాగాలను తోటలుగా మార్చాడు. డండీలో వృక్షశాస్త్రాచార్యుడుగా పనిచేస్తూనే నగరాల అధ్యయనాన్ని జీవితధ్యేయం చేసుకున్నాడు.

మద్రాసు గవర్నరు పెంట్లండ్ ప్రభువు ఆహ్వానంపై 1914లో ఆయన భారతదేశం వచ్చాడు. వెనుక మరొక ఓడలో వస్తున్న ఆయన నగర ప్రదర్శన సామగ్రిని, మద్రాసుపై గుండ్లు కురిపించిన ఎమ్డెన్ నౌకే సముద్రంలో ముంచివేసింది. మిత్రులు మళ్లీ పటాలు సమకూర్చి పంపగా 1915లో మద్రాసులో ప్రదర్శన జరిగింది.

ఆ పర్యటనలలోనే తంజావూరు కోటలోని ఇరుకు పేటల సమస్య ఆయన ముందుకు వచ్చింది. ఇళ్ల మధ్యనుంచి తిన్నని రోడ్లు కోసుకుపోవాలన్నది ఇంజనీర్ల పథకం. గెడ్డిస్ సందుసందూ కాలినడకన తిరిగాడు. కూలిపోయిన కొంపలు తొలగించి, ఖాళీ జాగాలను కలిపి, చెట్లు నాటితే చాలునని తేల్చాడు. ఇంజనీర్ల అంచనా తొలి దశకే 30,000 రూపాయలు. గెడ్డిస్ పద్ధతికి 5,000 సరిపోతుంది. మిగిలేది డబ్బు ఒక్కటే కాదు, జనం నిలువ నీడ కూడా. నాడి చూడకుండా కత్తి పట్టరాదన్నది ఆయన వైద్యం.

1917 ఏప్రిల్‌లో పెద్ద కుమారుడు ఫ్రాన్సు యుద్ధరంగంలో మరణించాడు. అప్పటికి ఆనా భారతదేశంలోనే జ్వరంతో మంచం పట్టి ఉంది. ఆమెకు ఆ వార్త తెలియనివ్వలేదు; జూన్‌లో ఆమె కూడా కన్నుమూసింది. ఆ దుఃఖాన్ని దిగమింగి ఆయన ఇండోరు పనిలో మునిగిపోయాడు. అక్కడ ప్లేగు విజృంభిస్తున్నది. ఏ వీధులవారు ఇళ్లు బాగా శుభ్రం చేసుకుంటారో ఆ వీధులగుండానే దీపావళి ఊరేగింపు వెళుతుందని చాటించాడు. ఊరంతా చీపురు పట్టింది. ఊరేగింపులో పారిశుద్ధ్య కార్మికులు తెల్లని దుస్తులు ధరించి, పూలదండలతో నడిచారు. ఇండోరు నివేదిక 1918లో రెండు సంపుటాలుగా వెలువడింది. 1919నుంచి అయిదేళ్లు బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్రం బోధించిన గెడ్డిస్, 1932 ఏప్రిల్ 17న ఫ్రాన్సులోని మోంపెలియేలో మరణించాడు.

ఆయన సలహాలలో అనేకం కాగితాలమీదనే మిగిలాయి. గవర్నర్లో మహారాజులో తలచుకుంటే తప్ప ఆయన మాట చెల్లే కాలం కాదది. పేటవాసులకు వోటూ లేదు, వార్డూ లేదు.

ఆ కొరత తీర్చడానికే కాబోలు, 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలూ అంతకు మించిన జనాభా గల పురపాలక ప్రాంతాలలో వార్డు కమిటీలు ఉండాలని శాసించింది. పురపాలక సంఘాలకు అప్పగించదగిన పద్దెనిమిది విధులలో మొదటి స్థానం పట్టణ ప్రణాళికకే ఇచ్చింది. అయినా ఢిల్లీలో ప్రణాళికా రచన 1957 చట్టం కింద ఏర్పడిన ఢిల్లీ అభివృద్ధి సంస్థ చేతిలో, అంటే కేంద్రం చేతిలోనే, ఉండిపోయింది. ప్రొఫెసరు సందులన్నీ తిరిగి తెలుసుకున్న సంగతులు ఆ సందుల్లో కాపురముండేవారికి పుట్టుకతోనే తెలుసు. మంజూరు ఉత్తర్వుపై సంతకం పడేలోగా వారిని పిలిచి అడగడానికి ఖర్చేమీ కాదు. పడిన తరువాత అడిగితే కోర్టు ఖర్చులు ఇరుపక్షాలకూ తప్పవు.