సైగల్ గొంతు, దేవదాసు సీసా

కుందన్‌లాల్ సైగల్ 1904లో జమ్మూలో పుట్టారు. గురువు దగ్గర పద్ధతిగా నేర్చుకున్న సంగీతం తక్కువే, తల్లి వెంట భజనలకు వెళ్లి విన్నదే ఎక్కువ. రైల్వేలో టైమ్‌కీపర్‌గా పనిచేశారు, రెమింగ్టన్ టైప్‌రైటర్లు అమ్ముతూ తిరిగారు. 1930ల మొదట్లో కలకత్తాలోని న్యూ థియేటర్స్‌లో చేరారు.

1935లో పి.సి. బారువా 'దేవదాస్' తీశారు. బెంగాలీలో తానే నాయకుడు, హిందీలో సైగల్. నాటకాల రోజుల్లో మగ గొంతు ఆఖరి వరుస దాకా వినిపించాలి. మైకు వచ్చాక ఆ అవసరం పోయింది. సైగల్ దాదాపు తనలో తాను పాడుకున్నట్టు పాడారు. ఓడిపోయానని, ఏడుస్తున్నానని ఒక మగవాడు ఇంత నెమ్మదిగా ఒప్పుకోవడం జనానికి కొత్త. అయితే ఆ కన్నీటికి ఒక షరతు ఉంది, చేతిలో సీసా ఉండాలి. తండ్రిని ఎదిరించలేని పిరికితనాన్ని పాట కప్పేసింది. ఇష్టంలేని కాపురాన్ని భరించిన పార్వతికి హాల్లో అంత సానుభూతి దక్కిందా అంటే అనుమానమే. 1953లో అక్కినేని నటనతో, ఘంటసాల పాటలతో మనకూ అదే దేవదాసు దొరికాడు. ఇప్పటికీ ప్రేమలో ఓడినవాడు గడ్డం పెంచితే మనం పిలిచే పేరు అదే.

నిజానికి సైగల్ ఇంకో మగవాణ్ణి కూడా వినిపించారు. 1940లో ఇదే బారువా తీసిన 'జిందగీ'లో, పంకజ్ మల్లిక్ బాణీకి ఆయన లాలిపాట పాడారు. తాగుడు లేదు, ఫిర్యాదు లేదు, నిద్రపుచ్చడం తప్ప మరో పని లేదు. ఆ పాట బతికింది గానీ, నాయకుడంటే ఇలాగే ఉండాలని దాన్ని చూసి ఎవరూ అనుకోలేదు.

మద్యం తెరమీదే ఆగలేదు. తాగితేనే గొంతు పలుకుతుందని సైగల్ నమ్మేవారు. 1946లో వచ్చిన 'షాజహాన్' కోసం నౌషాద్ ఒకే పాటను తాగకముందు ఒకసారి, తాగాక ఒకసారి పాడించారట. రెండూ విన్న సైగల్ మొదటిదాన్నే ఎంచుకున్నారని, ఈ సంగతి ఇన్నేళ్లూ ఎవరూ చెప్పలేదే అని బాధపడ్డారని నౌషాద్ తరువాత చెప్పుకునేవారు.

1947 జనవరి 18న జలంధర్‌లో సైగల్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 42. రేడియో సిలోన్ ఉదయం వేసే పాత పాటల కార్యక్రమాన్ని ఆ తరువాత ఎన్నో ఏళ్లపాటు ఆయన పాటతోనే ముగించేది.